చేపల రైతుతో ఎడారి పండుగకి

ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆయన తీసుకెళ్తానని చెప్పి తీసుకెళ్లని ఊళ్లన్నీ కలిపితే ఒక అట్లాసు అవుతుంది. ఊటీ టిక్కెట్లు ముందురోజు రద్దయ్యాయి. కాశీకి తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం దాకా వచ్చి, రైలు వస్తోందని మైకులో చెబుతుండగా ఫోను చెవిన పెట్టుకుని వెనక్కి తిరిగారు. కారణం ఎప్పుడూ ఒకటే.

"నేను లేకపోతే చెరువు ఉండదు విజయా."

ఆకివీడు దాటాక ఆయన లీజుకి తీసుకున్న చేపల చెరువు అది. శీలావతి, బొచ్చె పెంచుతారు. మబ్బు పట్టినా, మంచు దట్టంగా కురిసినా నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఆ సమయానికి గట్టు మీద మనిషి లేకపోతే పంటంతా పోతుంది. ఇది నిజమే, కాదనను. కానీ గట్టు మీద కాపలాకి సుందర్రావు ఉన్నాడు. నీళ్లు చిలకడానికి ఏరియేటర్లు ఉన్నాయి. ఇవన్నీ ఉండగా మా ఆయన కూడా ఉండి తీరాలా అన్నదే నా గొడవ. ఆయన వారంలో నాలుగు రాత్రులు ఆ గట్టు మీద రేకుల షెడ్డులోనే పడుకుంటారు. ఇంటికి వచ్చిన రోజు మాత్రం చుట్టంలా మర్యాద చేయించుకుంటారు.

నేను పెంటపాడు హైస్కూల్లో సోషల్ టీచర్ని. థార్ ఎడారిని ఏటా బోర్డు మీద చుక్కలు పెట్టి పిల్లలకి చూపిస్తాను. నేను స్వయంగా చూసిన ఇసుకంతా పేరుపాలెం బీచ్‌లోదే. మాఘ పౌర్ణమి రోజుల్లో జైసల్మేర్‌లో ఎడారి పండుగ చేస్తారని, ఒంటెల పందేలూ మీసాల పోటీలూ ఉంటాయని ఫోన్‌లో వీడియో చూసి మా ఆడపడుచు సుగుణమ్మ గారికి చెప్పాను. ఆవిడది కామవరపుకోట. భర్త పోయాక ఆయిల్‌పామ్ తోట ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఆవిడ మారుమాట లేకుండా ముగ్గురికీ టిక్కెట్లు తీయించి, తమ్ముడికి ఫోన్ చేశారు.

"ఈసారి నువ్వు వెనక్కి తిరిగావంటే నీ గుమ్మం తొక్కను తమ్ముడూ. చేపలకి చెప్పిరా."

చేపలు పట్టుబడికి రావడానికి ఇంకా నెల పైనే ఉంది. ఈ ఎనిమిది తొమ్మిది రోజుల్లో చెరువుకి ఏమైనా అయితే ఏడాది కష్టం మట్టిలో కలిసినట్టే, ఆ నింద బతికున్నంత కాలం నా నెత్తిన ఉంటుంది. ఏమీ కాకపోతే మా ఆయన ఇరవై రెండేళ్ల సాకు ఆ రోజుతో సరి. ఈ యాత్రలో కోటలూ ఒంటెలూ అన్నీ పైకి. లోపల నాకూ చెరువుకీ జరిగిన పోటీ ఇది.

తాడేపల్లిగూడెంలో పొద్దున రైలెక్కాం. సాయంత్రానికి సికింద్రాబాద్, రాత్రికి కాచిగూడలో జోధ్‌పూర్ రైలు. వెళ్లదలుచుకున్నవాళ్లకి ఒక మాట చెప్పాలి: ఆ రైలు రెండు రాత్రులూ ఒక పగలూ తింటుంది, కాబట్టి భోజనం సంగతి రైలువాళ్లకి వదలకండి. వదినగారు పులిహోర, జంతికలు, గోంగూర పచ్చడి, కారప్పొడి, చివరికి మజ్జిగ మిరపకాయలు కూడా సర్దుకొచ్చారు. మా ఆయన మూడు ఛార్జర్లు సర్దుకొచ్చారు.

మా ఎదురు బెర్తుల్లో జోధ్‌పూర్ వెళ్తున్న ముసలి దంపతులు. హైదరాబాద్‌లో మిఠాయి దుకాణం ఉందట, మనకన్నా మంచి తెలుగు మాట్లాడారు. ఎడారి పండుగ చూడటానికి జైసల్మేర్ వెళ్తున్నామని గొప్పగా చెప్పాను.

"అక్కడేముందమ్మా, ఇసుక," అన్నాడు పెద్దాయన. "మేమెప్పుడూ వెళ్లలేదు."

కొల్లేరు పక్కన పుట్టి పెరిగి పక్షులు చూడటానికి ఒక్కసారీ వెళ్లనివాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే ఏడుగురున్నారు కాబట్టి నాకేమీ వింతనిపించలేదు.

దారి పొడవునా ఫోన్ల కార్యక్రమం నడిచింది. స్టేషన్ వస్తే సిగ్నల్, సిగ్నల్ వస్తే సుందర్రావు. మేత ఎంత వేశావు, మంచు పట్టిందా, నీళ్ల రంగు ఎలా ఉంది. నీళ్ల రంగు గురించి మా ఆయన అడిగినంత వివరంగా పెళ్లిచూపుల్లో నా రంగు గురించి కూడా ఎవరూ అడగలేదు. అవతలి నుంచి సుందర్రావు జవాబు ప్రతిసారీ ఒకటే. "బాగానే ఉన్నాయండి." ఆ మాట వినగానే మా ఆయన మొహం కొంచెం ముడుచుకోవడం అప్పుడే గమనించాను. కానీ పులిహోర పడలేదేమో అనుకున్నాను.

జోధ్‌పూర్ నుంచి ఇంకో రైలు. ఆ ఐదారు గంటలూ కిటికీలో చూసేది ఏమీ లేదు. తుప్పలు, మేకలు, మళ్లీ తుప్పలు. మా ఆయన మాత్రం కిటికీకి అతుక్కుపోయారు. ఎడారి అందం చూస్తున్నారని మురిసిపోయాను.

"ఎంత భూమి చూశావా విజయా! అంతా చదునే. తవ్వితే ఒక్కొక్కటి వంద ఎకరాల చెరువులు పడతాయి."

"నీళ్లేవండీ?"

"అదొక్కటే లోటు."

సరస్సుగా ఉన్న కొల్లేటిని తవ్వి గట్లు వేసి చెరువులు చేశాం. ఇప్పుడు ఎడారిని తవ్వి సరస్సు చేద్దామంటున్నారు. దేవుడు ఏది ఎక్కడ పెట్టినా మావాళ్లకి నచ్చదు.

మధ్యాహ్నం దాటాక జైసల్మేర్‌లో దిగాం. ఫిబ్రవరిలోనే ఎండ చురుక్కుమంది, నీడలోకి వెళ్తే చలి. ఊరంతా పసుపు రాయి. ఇళ్లూ కోటా బ్యాంకూ పోలీసు స్టేషనూ అన్నీ ఒకే రంగు, రంగుల దుకాణం వాడు ఎలా బతుకుతున్నాడో తెలియదు. హోటల్‌లో గదికి 'కోట కనిపించే గది' అని అదనంగా తీసుకున్నారు. కోట నిజంగానే కనిపించింది, బాత్‌రూమ్ వెంటిలేటర్లోంచి, బకెట్ మీద ఎక్కి నిలబడితే. పండుగ రోజుల్లో గదులు దొరకవు కాబట్టి ఎవరైనా వెళ్తే ముందే మాట్లాడుకోండి, కోట ఏ కిటికీలోంచి కనిపిస్తుందో కూడా అడగండి.

మర్నాడు పొద్దున ఊరేగింపు. అలంకరించిన ఒంటెలు, డోళ్లు, అద్దాల పావడాల ఆడవాళ్లు, వాళ్ల ముందు ఫోన్లు పైకెత్తి వెనక్కి నడుస్తున్న సగం దేశం. నేను చూసింది ఊరేగింపు కాదు, ముందున్నాయన ఫోన్‌లో ఊరేగింపు. ఆ తర్వాత మైదానంలో పోటీలు. తలపాగాలు గబగబా చుట్టే పోటీలో ఎక్కడినుంచో వచ్చిన ఒక తెల్లదొర ఏడు గజాల గుడ్డలో తనను తాను పూర్తిగా చుట్టేసుకున్నాడు, ఇద్దరు పట్టుకుని విప్పాల్సొచ్చింది. మీసాల పోటీలో ఒకాయన మీసాలు విప్పి రెండు చేతులా పట్టుకుని చూపిస్తుంటే జనం ఈలలు వేశారు.

"పొలం పనులుంటే అంత పెరగనిస్తారా," అన్నారు వదినగారు. "మా మెట్టలో అయితే ఆ మీసం గేటు తాడుకి వాడుకునేవాళ్లం."

అన్నట్టు వదినగారికి ఈ ఊరు మొదటి రోజు నుంచే నచ్చలేదు. నీళ్లు లేని ఊరిని చూడటానికి నీళ్లున్న ఊరినుంచి రావడం ఆవిడకి అర్థం కాలేదు. "బోరు ఎండితే మేము ఏడుస్తాం, వీళ్లు టిక్కెట్ పెట్టారు," అన్నారు. ఊరికి కొంత దూరంలో కుల్ధరా అనే పాడుబడ్డ ఊరు చూపిస్తారు. రెండు వందల ఏళ్ల కిందట జనమంతా ఒక్క రాత్రిలో ఖాళీ చేసి వెళ్లిపోయారట, ఎందుకో ఎవరికీ ఖచ్చితంగా తెలియదట. గైడు కళ్లు పెద్దవి చేసి గొంతు తగ్గించి ఈ కథ చెబుతుంటే మా ఆయన అడిగిన ప్రశ్న: "ఇక్కడ సిగ్నల్ ఫుల్లుగా ఉందేంటి?"

ఇక మూడో రోజు. సూర్యోదయం గడీసర్ చెరువు దగ్గర చూడాలని అందరూ చెబుతారు. ఒకప్పుడు ఊరంతటికీ తాగునీరు ఇచ్చిన చెరువు. గట్టు మీద రాతి మంటపాలు, నీళ్ల మధ్య చిన్న గోపురాలు. నిజంగా బాగుంది, వెటకారం కాదు. పసుపు రాయి మీద లేత ఎండ పడుతుంటే నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాతో పాటు మెట్ల దగ్గర చేపలు కూడా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మన వాలుగల్లాంటి పెద్ద పెద్ద మీసాల చేపలు, వందలకి వందలు, ఒకదాని మీదొకటి ఎక్కుతూ, నోళ్లు పైకి పెట్టి, గప్‌గప్ అంటూ.

మా ఆయన వాటిని చూశారు. చూసి కెవ్వుమన్నారు.

"తేలిపోయాయి! విజయా, చేపలు తేలిపోయాయి! ఆక్సిజన్ లేదు!"

నాకు అర్థమయ్యేలోపే ఆయన మెట్లు దూకి బ్రెడ్ ముక్కలు అమ్ముతున్న ముసలమ్మ దగ్గరికి పరిగెత్తారు. "మచ్లీ మర్ జాయేగా! బ్రెడ్ బంద్! బంద్!" అని చేతులు అడ్డం పెట్టారు. చచ్చిపోతున్న చేపలకి మేత వేస్తే నీళ్లు ఇంకా చెడిపోతాయని ఆయన బాధ. బ్రెడ్ చేతిలో పట్టుకున్న ఒక గుజరాతీ కుటుంబం భయపడి వెనక్కి తగ్గింది. ముసలమ్మ బుట్ట దగ్గరికి లాక్కుంది. అక్కడితో ఆగితే బాగుండేది. మా దగ్గర ఏరియేటర్లు రాకముందు చేపలు తేలితే పడవ వేసి చెరువంతా తిప్పి నీళ్లు కలియబెట్టేవాళ్లు. అక్కడ కాళ్లతో తొక్కే బాతు బొమ్మ పడవలున్నాయి. మా ఆయన ఒక తెల్ల బాతులో ఎక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టారు.

యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులకి రోజూ మాత్ర వేసుకునే మనిషి, బాతులో కూర్చుని చెరువు చిలుకుతున్నారు. చేపలన్నీ ఆ బాతు వెంటే పడ్డాయి. జనం ఫోన్లు తీశారు. ఎడారి పండుగలో ఇదొక కార్యక్రమం అనుకున్నారేమో, ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. వదినగారు చెంగు నోటికడ్డం పెట్టుకుని మంటపం వెనక్కి వెళ్లిపోయారు.

మూడు చుట్లు తిరిగాక పడవలవాడు ఇంకో పడవలో ఎదురెళ్లి ఆపాడు. అతను హిందీలో అన్నదాన్ని నేను గట్టు మీంచి తెలుగులో చెప్పాను.

"అవి చావడం లేదంటండీ. బ్రెడ్ కోసమంట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే నోళ్లు తెరుస్తాయంట."

ఆయన నమ్మలేదు. దిగొచ్చి, తడిసిన ప్యాంటుతో మెట్టు మీద కూర్చుని, బుట్టలోంచి ఒక ముక్క కొని విసిరారు. చేపలు ఎగబడ్డాయి. ఇంకోటి విసిరారు. ఊపిరాడని చేప మేత ముట్టదు, ఆ సంగతి ఆయనే నాకు వందసార్లు చెప్పారు. బుట్ట సగం అయ్యేదాకా కొని విసురుతూనే ఉన్నారు.

"చూసేవాడు ఒక్కడు లేడు. అయినా ఎంత పుష్టిగా ఉన్నాయో," అన్నారు.

ఆ సాయంత్రం సమ్ అనే చోట ఇసుక తిన్నెలు. ఊరినుంచి జీపులో గంట దారి. అసలు పండుగ అక్కడే. ఒంటెల పందేలు అయ్యాక సూర్యాస్తమయం చూసి, పాటలు విని తిరిగి రావడం. కనుచూపు మేరా ఇసుకే ఉంటుందని నేను పిల్లలకి చెబుతాను. నిజానికి కనుచూపు మేరా జనం ఉన్నారు, వాళ్ల మధ్య అక్కడక్కడ ఇసుక. మనిషికో ఒంటె, ఒంటెకో ఫోటోగ్రాఫర్. ఒంటె ఎక్కదలుచుకున్నవాళ్లు వెనక్కి బాగా వాలి కూర్చోవాలి, లేకపోతే అది లేచేటప్పుడు దాని మెడ మీద నుంచి జారతారు. నేను జారలేదు. వదినగారు ఎక్కనే లేదు.

అక్కడ ఫోన్ సిగ్నల్ పోయింది. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. మా ఆయన మాత్రం ఫోన్ ఆకాశానికి ఎత్తి అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేసి, ఆఖరికి అన్నిటికన్నా ఎత్తైన తిన్నె ఎక్కడం మొదలుపెట్టారు. అంత పట్టుదలగా ఎక్కుతున్న మనిషిని చూసి, పైనుంచి సూర్యుడు ఇంకా బాగా కనిపిస్తాడు కాబోలనుకుని ఒక బస్సెడు జనం వెనకాలే ఎక్కారు. నేనూ ఎక్కాను. అందరూ పడమటికి తిరిగి ఉంటే మా ఆయన ఒక్కరూ తూర్పుకి తిరిగి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి అరిచారు.

"సుందర్రావూ! చెప్పు! ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయండి బాబుగారూ! మేత మొన్నటికన్నా ఎక్కువ తింటన్నాయండి. నీళ్లు కూడా మంచి రంగు తిరిగాయండి, పచ్చగా ఉన్నాయి. మీరేం కంగారు పడకండి. పడక పడక పడ్డారు ఊరిమీద, ఇంకో నాలుగు రోజులుండి రండి."

లైను తెగిపోయింది. మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని ఇసుకలో కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా సూర్యుడు ఎర్రగా దిగుతున్నాడు, కింద ఎక్కడో డోలు వాయిస్తున్నారు. చెవిన ఫోన్ లేకుండా మా ఆయన నా పక్కన కూర్చుని ఏదైనా చూడాలని నేను ఇరవై రెండేళ్లుగా కోరుకున్నాను. కోరిక తీరింది. ఆయన మొహం మాత్రం పరామర్శకి వచ్చినవాళ్ల మధ్య కూర్చున్నట్టుంది.

నేను గెలిచాను. ఇంకెప్పుడూ చెరువు పేరు చెప్పి ఆపలేరు. లోపల గంతులు వేయాల్సింది. వేయబుద్ధి కాలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. జోధ్‌పూర్‌లో వదినగారు కోడళ్లకి దుప్పట్లు కొన్నారు, నేను స్టాఫ్‌రూమ్‌కి మిఠాయి కొన్నాను. మా ఆయన ఏమీ కొనలేదు. రైల్లో స్టేషన్లు వచ్చాయి, సిగ్నల్ వచ్చింది, ఆయన ఫోన్ తీయలేదు. పెట్టింది తిన్నారు, ఇచ్చింది తాగారు. "ఒంట్లో బాలేదా తమ్ముడూ?" అని వదినగారు నుదురు పట్టుకుని చూశారు. ఇంత మంచి భర్త నాకు ఎప్పుడూ దొరకలేదు, ఇంత భయమూ ఎప్పుడూ వేయలేదు.

రెండో రోజు మధ్యాహ్నం వదినగారు నిద్రపోతుండగా ఆయన అడిగారు.

"అయితే ఇన్నేళ్లూ నేను ఆ గట్టు మీద చేసిందేంటంటావు విజయా?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఎప్పటినుంచో తయారుగా ఉంది. ఒంటరిగా వెళ్లిన పెళ్లిళ్లు, మధ్యలో లేచెళ్లిపోయిన పుట్టినరోజులు, రద్దయిన ఊటీ, వెనక్కి తిరిగిన కాశీ, అన్నీ వరసగా నాలిక చివర ఉన్నాయి. వాటిని ఎలా మొదలుపెట్టాలో కూడా వంట చేసుకుంటూ ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన మొహం చూశాక ఒక్కటీ పైకి రాలేదు.

"చేపలు పెంచారు కదండీ," అన్నాను. ఆయన తల ఊపి కిటికీ వైపు తిరిగారు.

మర్నాడు సికింద్రాబాద్‌లో పగటి రైలు పట్టుకున్నాం. మధ్యాహ్నానికి విజయవాడ. నీళ్ల బాటిల్ కోసమని నేను ప్లాట్‌ఫారం మీదికి దిగి, సుందర్రావుకి ఫోన్ చేశాను.

"సుందర్రావూ, ఇంకో అరగంటలో ఆయనకి ఫోన్ చేసి, మబ్బు పట్టింది, నాకు భయంగా ఉంది, మీరు వెంటనే రండి అని చెప్పు."

"మేడమ్‌గారూ, ఎండకి మాడు పగిలిపోతందండి. మబ్బంటే బాబుగారు నమ్ముతారాండి?"

"నమ్ముతారు. చెయ్యి."

ఫోన్ పెట్టేసి రైలెక్కాను. నా చేతులతో గెలిచిన పందెం నా చేతులతోనే పారేశాను. ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే. ఇక ఏ ఊరికి టిక్కెట్లు తీసినా ఈ మబ్బు అడ్డం వస్తుందని నాకు తెలుసు.

ఈ యాత్ర ఎలా ఉందని అడిగేవాళ్లకి ఇక్కడే చెప్పేస్తాను. కోట తప్పక చూడండి. పండుగలో పోటీలు ఒక పూట చాలు. గడీసర్‌కి తెల్లవారే వెళ్లండి. ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం చూడటానికి మాత్రం, సిగ్నల్ అక్కర్లేని మనిషితో వెళ్లండి.

ఏలూరు ఇంకా రాకముందే ఫోన్ మోగింది. మా ఆయన తీరిగ్గా ఎత్తారు. వింటూ వింటూ నిటారుగా కూర్చున్నారు. రెండో చెయ్యి చెప్పుల కోసం బెర్తు కింద వెతుకుతోంది.

"ఏరియేటర్లు అన్నీ వెయ్యి. మేత ఆపెయ్. నువ్వు గట్టు దిగకు, ఏలూరులో దిగి కైకలూరు మీదుగా వచ్చేస్తన్నాను." గొంతు ఖంగుమంది. ఫోన్ పెట్టేసి నాతో అన్నారు, "మబ్బంట విజయా. రాత్రికి తేలతాయేమో. మీరిద్దరూ తాడేపల్లిగూడెంలో దిగి ఇంటికి వెళ్లిపోండి."

"వెళ్లండి, వెళ్లండి," అన్నాను.

వదినగారు లేచి కిటికీలోంచి బయటికి చూశారు. ఎండకి పట్టాలు మెరుస్తున్నాయి. "మబ్బెక్కడే అమ్మాయ్, కళ్లు బైర్లు కమ్ముతుంటే?"

"ఆకివీడులో పట్టిందటండీ."

రైలు ఏలూరులో ఆగింది. ఆయన సంచీ భుజాన వేసుకుని కుర్రాడిలా దిగారు. కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల్లోంచి నా చెయ్యి ఒకసారి పట్టుకుని, "వచ్చే ఏడు కాశీకి టిక్కెట్లు చూడు," అన్నారు. చూస్తానన్నాను. ఆయన గేటు వైపు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్లిపోయారు. రోజూ నిద్ర లేవగానే నా మొహం కన్నా ముందు ఆకాశం చూసే మనిషి, ప్లాట్‌ఫారం పొడవునా ఆ మండుటెండలో నడుస్తూ ఒక్కసారి కూడా తల పైకెత్తలేదు.